దయ్యానికి మొహం పెట్టబోయేవాళ్లకు

రోజూ పొద్దున్నే అలిపిరి దాకా నడిచి వస్తాను. దారిలో కాఫీ అంగడి దగ్గర ఎవరో ఒకరు పక్కవాడికి నన్ను చూపించి, "దయ్యాల సారు పోతాండాడు సూడు" అంటారు. గోవింద నామాలు వినపడే చోట ఇలాంటి పేరు సంపాదించినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మొదట్లో మా ఆవిడ నొచ్చుకునేది. ఇప్పుడు కూరగాయల బండివాడు "దయ్యాల సారు ఇంటికేనా అమ్మా?" అని అడిగితే, అవునని చెప్పి లేత వంకాయలు ఏరించుకుంటోంది.

నేను చేసిన పని ఇదీ. వారపత్రికల్లో వచ్చిన భయం నవలల్ని మొదట సినిమాలుగా, తర్వాత టీవీ సీరియళ్లుగా, చివరి రోజుల్లో ఫోన్లో చూసుకునే సిరీస్‌లుగా మార్చి రాశాను. సొంత కథ ఒక్కటీ రాయలేదు. ఇతరుల దయ్యాలకు ఇల్లు చూసిపెట్టే బ్రోకరు పని నాది. రిటైరయ్యాక సినిమా చదువులు చదివిన పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లు అడిగే పెద్ద పెద్ద మాటలు నాకు తెలియవు. నాకు తెలిసింది నాలుగు దెబ్బలు తిని నేర్చుకున్నది. అది మాత్రం దాచుకోకుండా రాస్తాను.

నోటితో భయపెట్టడం

మన దగ్గర సినిమా కాగితం మీద పుట్టదు, నోట్లో పుడుతుంది. నిర్మాతకు నవల చదివే తీరిక ఉండదు. రచయిత ఎదురుగా కూర్చుని కథ చెప్పాలి. ఆ కథ చెప్పడంలో నేను దిట్టని. తలుపు కిర్రుమనడం, గాలి ఈల వెయ్యడం, కుక్క మూలగడం, అన్నీ నా గొంతులోనే ఉండేవి.

నా మొదటి నిర్మాత చెంగల్రాయుడన్న. చిత్తూరు దగ్గర ఆయనకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. ఎద్దులాంటి మనిషి, మనసు వెన్న. దయ్యాల కథలంటే చిన్నపిల్లాడికన్నా ఎక్కువ ఇష్టం. ఫ్యాక్టరీ ఆఫీసులో పట్టపగలు కూర్చోబెట్టి ఒక నవల చెప్పాను. "ఏదో... మెట్లెక్కి... వస్తా ఉంది" అని గొంతు తగ్గించేసరికి ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపప్పా, రొంత నీళ్లు తాగనీ" అన్నాడు. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "ఈ సినిమా మనమే తీస్తాండాం" అన్నాడు.

తీశాం. మొదటి రోజు చిత్తూరులో ఆయన పక్కనే కూర్చుని చూశాను. ఆ మెట్ల సీను వచ్చింది. తెల్లచీర కట్టుకుని, మొహానికి తెల్లరంగు పూసుకుని, ఒక అమ్మాయి జుట్టు విరబోసుకుని మెట్లెక్కి వచ్చింది. వెనక వరసలోంచి ఎవరో, "ఏమక్కా, మొగానికి మైదానా, బియ్యప్పిండా?" అని అడిగారు. ఆ తర్వాత ఆ అక్క ఎప్పుడు తెరమీదకొచ్చినా హాలంతా ఆ ప్రశ్నే. మేం తీసింది దయ్యం సినిమా, వాళ్లు చూసింది హాస్య సినిమా.

బయటికొచ్చాక చెంగల్రాయుడన్న కోప్పడలేదు. నిజంగా తెలియక అడిగాడు: "నువ్వు చెప్పినప్పుడు అంత భయముండె గదప్పా. అది యాడికి పోయింది?"

ఎక్కడికీ పోలేదు. నా గొంతులోనే ఉండిపోయింది. కథ చెప్పి బతికే మనవాళ్లు మాత్రమే చేసే తప్పు ఇది. చెప్పేవాడి విద్యను చూసి కథలో బలముందనుకుంటాం. అప్పట్నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. రాసినదాన్ని మా ఆవిడకు బస్సుల టైము పట్టిక చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా చదివి వినిపిస్తాను. అలా చదివినా ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిందంటే ఆ సీను నిలుస్తుంది. ఆమె ఈనెలు తీసుకుంటూనే ఉంటే నేను ఆ కాగితం మడిచి పక్కన పెడతాను. మా ఇంట్లో చాలా చిక్కుడుకాయలు నిరాటంకంగా ఉడికాయి.

కెమెరాకు 'ఏదో' తెలియదు

నవలా రచయితకు దేవుడిచ్చిన వరం 'ఏదో' అనే మాట. 'కిటికీ అవతల ఏదో కదిలింది' అని రాస్తే చాలు, చదివేవాడు తన చిన్నప్పటి భయమంతా తెచ్చి ఆ కిటికీ దగ్గర నిలబెడతాడు. సగం నవల పాఠకుడే రాసిపెడతాడు. కెమెరాకు అది కుదరదు. ఎంత ఎత్తు, ఏ రంగు చీర, చెప్పులున్నాయా లేవా, అన్నిటికీ మనమే జవాబు చెప్పాలి. జవాబు చెప్పిన ప్రతిచోటా భయం కొంచెం చస్తుంది.

ఇంకొక నవలలో భయమంతా వాసనలో ఉండేది. తాళం వేసిన గదిలోంచి మగ్గిన పనసపండు వాసన వస్తుంటుంది, ఇంట్లో పనసపండు ఉండదు. చదువుతుంటే నాకే ఒళ్లు జలదరించింది. తెరమీద వాసన ఎలా? పాత్రలన్నిటి చేతా ముక్కుకు కొంగులు, చేతిరుమాళ్లు అడ్డం పెట్టించాను. మునిసిపాలిటీవాళ్లు కాలవ తియ్యడం లేదు, దాని మీద తీసిన సినిమా అనుకున్నారు జనం.

పెద్ద డైరెక్టర్లని పేరున్నవాళ్లతో కూడా పనిచేశాను. ఒకాయనకు గజ్జెల చప్పుడు లేకపోతే దయ్యమే కాదు. ఇంకొకాయన శ్మశానంలో పాట పెట్టించాడు, నేను అడ్డం పడితే "ప్రేక్షకుడికి విశ్రాంతి కావాలి కదండీ" అన్నాడు. చివర్లో అంతా కల అని తేల్చమన్నవాళ్లకైతే లెక్కలేదు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. జనం నవ్వుతారేమో అనే భయంతో వాళ్లే వణికిపోయేవాళ్లు. దర్శకుడు తన భయానికి దుప్పటి కప్పుకుంటూ ఎదుటివాణ్ణి భయపెట్టలేడు. ఈ మాట వాళ్ల ముందు అనలేదు, నాకూ కుటుంబం ఉంది కదా.

ఎస్తేరమ్మ పెట్టిన షరతు

నా వృత్తిలో నేను మర్చిపోలేని నవల చిత్తూరు కోర్టులో స్టెనోగా పనిచేసిన ఎస్తేరమ్మది. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి, సోమవారం నుంచి కోర్టులో సాక్షులు చెప్పింది రాసుకునే మనిషి, మిగిలిన టైములో దయ్యాల నవలలు రాసేది. ఆమెను అడిగితే, "సాక్షి బోనులో నిలబడినోడి కండ్లల్లో ఉండే భయం ఏ దయ్యం కథలోనూ లేదు తమ్ముడూ" అనేది.

నవల పేరు 'మామిడితోపు సాక్షులు'. కాయలు కోసే కాలంలో, మిట్టమధ్యాహ్నం, ఒక తోపులో ఒక ఆడమనిషి అటు తిరిగి కూర్చుని మామిడికాయలు ఏరుతూ ఉంటుంది. మంచివి ఒకవైపు, కుళ్లినవి గంపలోకి. ఆ మనిషి చచ్చిపోయి చాలా కాలమైంది. చూసినవాళ్లు ఒక్కొక్కరూ కోర్టులో చెప్పినట్టు తాము చూసింది చెబుతారు. 'నేను చూచినది వీపు మాత్రమే' అని ప్రతి సాక్షీ అంటాడు. నవలంతా అయిపోయినా ఆమె ఇటు తిరగదు. చీకటి లేదు, వాన లేదు, కుక్క అరవదు. ఎర్రటి ఎండలో అంత భయం నేను ఎప్పుడూ చదవలేదు. చెంగల్రాయుడన్నకు చెబితే, మామిడికాయలున్న దయ్యం కథ తనదే అన్నాడు. నవల చదవకుండానే ఒప్పుకున్నాడు.

ఎస్తేరమ్మ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "రేపు మండీకి రా తమ్ముడూ, ఒక మనిషిని సూపిస్తా" అంది.

చిత్తూరు మామిడికాయల మండీలో, లారీల పక్కన, కాయలు ఏరే ఆడవాళ్ల వరసలో ఎస్తేరమ్మ స్నేహితురాలు దేశమ్మ కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే బడిలో చదివారట. ఆ నవలలో ఆడమనిషి దేశమ్మ తల్లి, మునెమ్మ. తోపులో కాయలు ఏరుతూనే మిట్టమధ్యాహ్నం ఎండదెబ్బకు పడిపోయి ప్రాణం విడిచింది. ఆ తర్వాత దారినపోయేవాళ్లు ఆమెను అక్కడ చూశామని చెప్పుకోవడం మొదలుపెట్టారు. బళ్లో దేశమ్మను 'దయ్యం కూతురు' అనేవాళ్లు, బల్ల మీద ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఎస్తేరమ్మ ఒక్కతే కూర్చుంది.

"రాసుకోమని నేనే చెప్పినా సార్" అంది దేశమ్మ, చేతులు ఆపకుండానే. "ఊరంతా ఎట్లా చెప్పుకుంటానే ఉండారు, ఎస్తేరు రాస్తే మర్యాదగా రాస్తాది. ఒకటే అడిగినా. మా యమ్మ మొగం రాయొద్దని."

ఎందుకని అడిగాను.

"మా యమ్మ ఫోటో ఒకటి కూడా లేదు సార్. కూలోళ్లకు యాడ తీస్తారు ఫోటోలు? నేను చిన్నబిడ్డని. ఆయమ్మ కాయలు ఏరతా ఉంటే ఎనక చెట్టునీడలో కూసోనుండేదాన్ని. ఈపు గుర్తుండాది, కొప్పు గుర్తుండాది, చేతులు గుర్తుండాయి. మొగమే లేదు. ఎప్పుడైనా గుర్తొస్తాదని ఎదురు సూస్తాండా. మీరు సినిమాలో ఏదో ఒక మొగం పెడితే, ఇంక నాకు అదే వస్తాది."

నేను అంతవరకు నవలల్లోని ఖాళీల్ని నింపడమే నా పని అనుకునేవాణ్ణి. ఒక మనిషి ఆ ఖాళీ కోసం బతుకుతోందని ఆ రోజే తెలిసింది. చూపించనని మాటిచ్చాను.

"నోటిమాట కోర్టులో నిలబడదు" అంది ఎస్తేరమ్మ. "అయినా నాకు నీ నోటిమాటే చాలు తమ్ముడూ."

రబ్బరు మొహం

మాటిచ్చి ఫ్యాక్టరీకి వెళ్తే చెంగల్రాయుడన్న టేబులు మీద అట్టపెట్టె ఉంది. అందులో రబ్బరు మొహం. కోరలు, పుండ్లు, జారిపోయిన ఒక కన్ను. చెన్నైలో చేయించి తెప్పించాడు.

"కడాకు ఒక్కసారి తిరగల్ల. తిరిగితే ఇదీ" అన్నాడు సంబరంగా.

దేశమ్మ సంగతి చెప్పాను. ఆయన మనసు కరిగింది గాని బుర్ర కరగలేదు. "పాపం, ఆ బిడ్డకు నేను ఏం కావాలన్నా చేస్తా. కానీ రైటరప్పా, దయ్యం సినిమాకి వచ్చి దయ్యాన్ని సూడకుండా పోతే, పెండ్లికి పోయి అన్నం తినకుండా వచ్చినోడి మాదిరి తిడతాడు జనం."

ఆ మాటలో న్యాయం లేదని నేను అనలేకపోయాను. ఇంతకుముందు ఆయన్ను నష్టపెట్టింది నా నోరే, మళ్లీ ఆ నోటితోనే నమ్మమని ఎలా అడిగేది?

డైరెక్టరు హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త మనిషి. ఆ మొహాన్ని ఎండలో ఒకసారి చూద్దామన్నాడు. ఫ్యాక్టరీ ముందర మిట్టమధ్యాహ్నం ఒక అమ్మాయికి అతికించారు. మన చిత్తూరు ఎండకు చెన్నై జిగురు ఎంతసేపు ఆగుతుంది? దవడ ఒకవైపు ఊడి వేలాడింది. మేకప్ మనిషి దాన్ని పైకి తోస్తాడు, అది కిందికి వస్తుంది.

"పంటినొప్పికి డాక్టరు దగ్గరికి పోతాండే మనిషి మాదిరి ఉండాదే" అన్నాడు చెంగల్రాయుడన్న. అయినా పట్టు వదల్లేదు. బెంగుళూరులో ఇంకా మంచి జిగురు దొరుకుతుందని ఎవరో చెప్పారట.

తిరగొద్దని చెప్పు

షూటింగుకు చోటు చూడ్డానికి, ఆ ఫ్యాక్టరీకే కాయలు తోలే ఒక తోపుకు వెళ్లాం. ఎస్తేరమ్మ, దేశమ్మ, డైరెక్టరు, నేను ముందుగా చేరుకున్నాం. కాయలు కోయడం అప్పటికే అయిపోయింది. కింద రాలినవి, ఎవరూ పట్టించుకోనివి చెట్లకింద పడి ఉన్నాయి. మేం మోటారు కొట్టం నీడలో మజ్జిగ తాగుతున్నాం. దేశమ్మ, తల్లి ఎలా కూర్చునేదో చూపిస్తానని తోపులోకి వెళ్లింది. చూపించి వస్తుందనుకున్నాం. అలవాటైన చేతులు కదా, రాలిన కాయల్ని దగ్గరికి లాక్కుని, పక్కన పడున్న గంపను సర్దుకుని, ఏరడం మొదలుపెట్టింది.

అప్పుడే అవతలి గట్టు నుంచి చెంగల్రాయుడన్న ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. దేశమ్మ వస్తుందని ఆయనకు మేం చెప్పలేదు. పిలవబోయాను. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఉండు" అంది.

ఆయనకు వీపు కనపడింది. "ఎవరమ్మా ఆడ? కాయలు కోసేది అయిపోయె గదా?" అన్నాడు.

ఒక కుళ్లినకాయ గంపలో 'ధబ్'మని పడింది.

ఆయన ఒక అడుగు వేసి ఆగాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏమ్మా, నిన్నే."

మళ్లీ 'ధబ్'. ఎండ, ఆకు కదలడం లేదు, ఆ చేతులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. చెంగల్రాయుడన్న ముందుకు పోలేదు, వెనక్కి తిరగనూ లేదు. చూపు ఆ వీపు మీదే పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మా కొట్టం గోడకు వచ్చి ఆనుకున్నాడు. నన్ను చూసినందుకు ఆశ్చర్యం కూడా లేదు ఆయన మొహంలో.

"ఆయమ్మను తిరగొద్దని చెప్పప్పా" అన్నాడు, గొంతు లేకుండా.

నా జన్మలో నేను అంత మంచి స్క్రీన్‌ప్లే రాయలేదు. ఒక్క మాట కథ చెప్పకుండా, ఆయనకు అర్థమయ్యింది. ఆమె ఎవరో చెప్పాక కూలబడి, మజ్జిగంతా తాగి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆపాక, "ఆ రబ్బరు మొగం వద్దులే" అన్నాడు. ఆ మొహాన్ని తర్వాత కోతుల్ని బెదరగొట్టడానికి అదే తోపులో చెట్టుకు కట్టించాడు. కోతులు దాన్ని విప్పుకుని పోయాయి.

దేశమ్మ తిరిగొచ్చాక, అన్న పిలిస్తే పలకలేదేమని అడిగాను. "వినపడె సార్. పలికితే మా యమ్మ లేసి ఎల్లిపోతాదేమో అనిపించింది" అంది.

సినిమా తీసేటప్పుడు వీపు కోసం తెచ్చిన నటికి కాయ పట్టుకోవడమే రాలేదు. చివరికి దేశమ్మే కూర్చుంది. డైరెక్టరు గజ్జెలు కావాలన్నాడు. కాయలేరే కూలిమనిషికి గజ్జెలెక్కడివని ఎస్తేరమ్మ అడిగితే ఊరుకున్నాడు. సంగీతం కూడా తీసేయించాం. ఆ 'ధబ్' చాలు.

మ్యాట్నీ

చివరి సీను కాగితం మీద నేను ఇంతే రాశాను: 'వీపు. చెయ్యి కాయ మీద ఆగుతుంది. తెర నల్లబడుతుంది.' అంతే తీశాం, అంతే ఉంది.

చిత్తూరులో మ్యాట్నీకి అందరం వెళ్లాం. ఆమె వీపు మళ్లీ మళ్లీ వచ్చింది. వెనక వరసలోంచి మైదా గురించి ఎవరూ అడగలేదు. చివరి సీనులో చెయ్యి ఆగేసరికి నా ముందు సీట్లో మనిషి, "తిరగాకు తల్లీ, తిరగాకు" అని గొణుక్కోవడం వినపడింది. నా వృత్తిలో నేను అందుకున్న మెప్పు అదొక్కటే. చెంగల్రాయుడన్న నా తొడమీద గట్టిగా గిల్లాడు, సంతోషమో భయమో తెలియలేదు.

ఆ హాల్లో అందరూ ఆమె తిరగకూడదని కూర్చుని ఉన్నారు. ఒక్క మనిషి మాత్రం ఆమె తిరగాలని కూర్చుని ఉందన్న సంగతి నాకు బయటికొచ్చాకే తట్టింది.

చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. దేశమ్మ కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"కడాకు తిరిగింది గదా సార్ మా యమ్మ" అంది. "ఇట్ల రొంత తల తిప్పి నన్ను సూసింది. అచ్చం నా మాదిరే ఉండాది. ముక్కు మాత్రం నాకన్నా బాగుండాది."

నేను ఎస్తేరమ్మ వైపు చూశాను. సాక్షి చెప్పింది చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా రాసుకుంటూ జీతం తీసుకున్న మనిషి. తన నవలలో ఏ సాక్షి చేతా వీపు దాటి ఒక్క ముక్క చెప్పించని మనిషి. ఆమె చెరుకురసం గ్లాసు దేశమ్మ చేతిలో పెట్టి, "అవునే. నేను కూడా సూసినా" అంది.

నేనూ చూశాననే చెప్పాను. ఆ షాట్ మేం తియ్యలేదు.